ఆల్సీద్ కత్తులు తుడిచే మనిషి

మా కొంబెట్ ఊళ్ళో ఆల్సీద్ దగ్గర కత్తి కొనుక్కోవడమంటే డబ్బిచ్చి మరీ చీవాట్లు తినడమే. మనిషి గుమ్మంలోకి రాగానే ఆయన మొహం చూసేవాడు కాదు, చేతులు చూసేవాడు. మెత్తటి చేతులైతే మూతి విరిచి, వెన్న కోసుకోవడానికి నా కత్తెందుకు, చెంచా చాలదా అనేవాడు. గరుకు చేతులైతే, పోయినసారి ఇచ్చిన కత్తితో బూట్లకంటిన పేడ గోకావట, ఇంకొకటిస్తే దానితో ఏం గోకుతావు అనేవాడు. అన్ని మాటలూ పడి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, తమ వంతు కోసం నెలల తరబడి కాచుకునేవాళ్ళు జనం. తిట్టేవాడి సరుకు గట్టిదని మనుషులకి అదో పిచ్చి నమ్మకం. ఆ నమ్మకం మీదే సగం బతికాడాయన.

మిగతా సగం, న్యాయంగా చెప్పుకోవాలంటే, పనితనం మీదే బతికాడు. ఓబ్రాక్ కొండల మీద ప్రతి మగాడి జేబులోనూ ఒక మడత కత్తి ఉంటుంది. దానితోనే రొట్టె కోస్తాడు, దానితోనే కర్ర చెక్కుతాడు, తడి గడ్డి మేసి ఆవు కడుపు ఉబ్బితే దానితోనే డొక్కలో పొడిచి గాలి తీస్తాడు. అలాంటి కత్తులు కింద పట్నంలో అద్దాల అరల నిండా ఉంటాయి, పిడి వెన్నున అలుగుని పట్టి ఉంచే స్ప్రింగు పట్టీ తల మీద తేనెటీగ బొమ్మతో. ఆల్సీద్ కత్తి మీద తేనెటీగ ఉండదు. పడుచుతనంలో ఆయన తన పని కొట్టం తలుపు మీద బొగ్గుతో గీసి, చెరిపి, మళ్ళీ గీసి, తనదంటూ ఒక రూపం పట్టాడు. ఆవు కొమ్ము పిడి నడుము దగ్గర సన్నబడి, చివర అరచేతిలో ఒదిగేలా కొంచెం వంపు తిరుగుతుంది. స్ప్రింగు తల మీద ఆ కొండల్లో పూసే పసుపు జెన్షియన్ పువ్వు, సన్నటి ఆకురాయితో ఒక్కొక్క రేకే తీర్చింది. జేబులో ఉంటే బరువు తెలియదు, చేతిలోకి తీసుకుంటే కింద పెట్టబుద్ధి కాదు. తేనెటీగ లేదేమని అడిగినవాళ్ళని, ఈగలు కావాలంటే పట్నానికి పోండి, అక్కడ బాగా ముసురుతున్నాయి అని తరిమేసేవాడు.

అన్నిటికన్నా ఆయన గొప్పగా చెప్పుకునేది కత్తి మూసినప్పటి చప్పుడు. కోసే అలుగు పిడిలోకి పడగానే స్ప్రింగు దాన్ని టక్కున పట్టుకోవాలి. పట్నం కత్తులు దగ్గుతాయి, నా కత్తి మాట్లాడుతుంది అనేవాడు. అలుగూ స్ప్రింగూ పిడీ తాత్కాలికంగా మేకులతో బిగించి, చెవి దగ్గర పెట్టుకుని మూసేవాడు. కళ్ళు మూసుకుని వినేవాడు. నచ్చకపోతే విప్పి స్ప్రింగుని ఆకురాయి మీద ఇంకో రెండు రుద్దులు రుద్దేవాడు. నచ్చితే ముక్కలన్నీ విప్పి, చూడకుండానే పక్క బల్ల మీదకి గిరాటు వేసేవాడు. అక్కడితో కత్తి అయిపోయినట్టే ఆయన లెక్క. పక్క బల్ల దగ్గర ఎవరున్నారో, ఆ ముక్కలు మళ్ళీ కత్తి ఎలా అవుతున్నాయో ఆయనకి అక్కర్లేదు.

పక్క బల్ల దగ్గర ఉన్నది ఆయన పెళ్ళాం ఒడీల్. ఆమె దూరాన ఉన్న తియేర్ పట్నం మనిషి, కత్తులకి సాన పట్టేవాళ్ళ ఇంటి పిల్ల. వాళ్ళ నాన్న నది ఒడ్డున చెమ్మ ఊరే గదిలో, చెక్క పలక మీద బోర్లా పడుకుని, కింద తిరిగే సాన రాయికి అలుగులు ఆనించేవాడు. చలికి నడుము పట్టేయకుండా కాళ్ళ మీద కుక్కని పడుకోబెట్టుకునేవాడు. ఉక్కు ఎప్పుడు వేడెక్కుతుందో, ఎప్పుడు చస్తుందో ఒడీల్‌కి పాలపళ్ళ వయసు నుంచే వేలికొసలకి తెలుసు. ఆల్సీద్ విసిరేసిన ముక్కలన్నిటికీ ఆమే నునుపు పట్టేది, ఆమే కూర్చేది, అసలు మేకులు ఆమే దిగ్గొట్టి తలలు చదును చేసేది, కొమ్ముకి మెరుపు తెచ్చేది, నూనె పెట్టేది. అలుగు మీద ముద్ర మాత్రం ఆల్సీద్‌ది. మీ ఆవిడ కూడా పనిలో ఉంటుందా అని ఎవరైనా మర్యాదకి అడిగితే, ఆ, తుడుస్తుంది అనేవాడు. ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. ఆమె తల ఎత్తేది కాదు.

అరవై దాటాక ఆల్సీద్‌కి చెవులు పోవడం మొదలైంది. అది ఆయన తప్ప ఊరంతా కనిపెట్టింది. ఆయన కనిపెట్టింది వేరు. ఈ కాలం జనానికి నోరు తెరిచి మాట్లాడటం కూడా చేతకావడం లేదని కనిపెట్టాడు. చర్చిలో పాదిరీ గొణుగుతున్నాడన్నాడు. గంట పగిలిందన్నాడు. ఉక్కు అమ్మేవాడు మోసం చేస్తున్నాడనీ, ఈ ఉక్కుకి గొంతు లేదనీ వాడి మీద విరుచుకు పడ్డాడు. నీకు సరిగ్గా వినపడటం లేదేమో ఆల్సీద్, పట్నం డాక్టరుకి చూపించుకుందాం అని ఒడీల్ ఒకసారి నెమ్మదిగా అన్నది. నెమ్మదిగా అనడమే తప్పయింది. నువ్వు కూడా గొణుగుడు మొదలుపెట్టావా అని కసిరి, వారం రోజులు మొహం మాడ్చుకు కూర్చున్నాడు. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు.

ఉక్కుకి గొంతు లేదనుకున్న మనిషి ఏం చేస్తాడు? గొంతు పెంచాలని చూస్తాడు. పలచని స్ప్రింగు చప్పుడు ఆయన చెవికి అందలేదు. కాస్త మందంగా ఉంచితే అందింది. కొన్నాళ్ళకి అదీ అందలేదు, ఇంకాస్త మందంగా ఉంచాడు. ఇలా ఏడాదికేడాదీ ఆల్సీద్ స్ప్రింగులు బలిశాయి. చప్పుడు ఆయనకి ఎప్పటిలాగే వినపడుతోంది, తన పనికి తిరుగు లేదని మురిసిపోతున్నాడు. అవతల ఊళ్ళో, అలుగు గాడిలో గోరు దూర్చి తెరవబోయిన వాళ్ళ బొటనవేళ్ళ గోళ్ళు విరుగుతున్నాయి. బల్ల దగ్గర ఆయన అలుగుని తోలు ముక్కతో పట్టి లాగేవాడు కనుక ఆయన గోరుకి ఆ కష్టం తెలియదు.

మా ఊరి సంగతి చెప్పాలంటే నాకు నవ్వొస్తుంది, ఒళ్ళూ మండుతుంది. గోరు విరిగిన వాడల్లా ఆ వేలు జేబులో దాచుకుని తిరిగాడే గానీ, ఆల్సీద్ మేస్త్రీ దగ్గరికి వెళ్ళి ఇదేం కత్తయ్యా అని అడిగిన మొనగాడు లేడు. కత్తిని సొరుగులో పడేసి, సంతలో దొరికే ఫ్యాక్టరీ కత్తి కొనుక్కున్నారు. ఆల్సీద్ వీధిలో వస్తుంటే ఆ చవక కత్తిని తొడ కింద దాచుకున్నారు. ఎద్దుల్లాంటి మనుషులు! తోడేళ్ళని తరిమిన తాతల పేరు చెప్పుకునేవాళ్ళు! ఒక ముసలాడి నోటికి జడిసి కుక్కిన పేనుల్లా పడి ఉన్నారు. పైగా ఊరికి వచ్చిన ప్రతివాడికీ, మా ఆల్సీద్ కత్తి చూశారా, ఈ కొండల మీద అలాంటిది లేదు అని చాటింపు. అవును మరి, అలా తెరుచుకోని కత్తి ఇంకెక్కడా లేదు.

వాళ్ళలో లెయోన్స్ మరీను. కొండ మీద ఆవుల్ని కాచే వాళ్ళందరిలోకీ పెద్దవాడు, ఎనభై దాటిన మనిషి. ఒక వానాకాలం పొద్దున ఆయన వెనక గుమ్మం వైపు నుంచి వచ్చి, చేతిలో గుడ్డ మూటతో నిలబడ్డాడు. ఆల్సీద్ కఫేలో పేకాటకి వెళ్ళిన సమయం చూసుకుని మరీ వచ్చాడు. మూట విప్పితే అందులో జెన్షియన్ పువ్వు కత్తి. అలుగు మీద పళ్ళ గాట్లు ఉన్నాయి.

“అమ్మా ఒడీల్, ఇది తెరుచుకోలేదు. నా ఎర్రావు పొట్ట డోలులా ఉబ్బిపోతుంటే గోళ్ళతో లాగాను, పళ్ళతో లాగాను. నా కళ్ళ ముందే కాళ్ళు చాపేసింది.”

ఆయనకి చెప్పకపోయావా అని అడిగింది ఒడీల్. చెబితే మళ్ళీ కత్తి చేసివ్వడు కదమ్మా అన్నాడు లెయోన్స్. ఆవు పోయిందన్న దుఃఖం కన్నా మేస్త్రీకి కోపం వస్తుందన్న భయమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. ఒడీల్‌కి అతని మీద జాలి వేసింది. జాలి వెనకాలే అసహ్యం కూడా వేసింది.

ఆమె ఆ కత్తి మేకులు తీసి స్ప్రింగుని వెలుతురులో పట్టుకుని చూసింది. అది మడత కత్తి స్ప్రింగు కాదు, తలుపు గడియ. సాన రాయి తిప్పి, నీళ్ళు చల్లుకుంటూ, రాయికి ఆనించి తీస్తూ, వేలితో వేడి చూసుకుంటూ లోపలి వైపు అరగదీసింది. తొందర పడితే ఉక్కు కాలుతుంది, కాలితే ఆ స్ప్రింగు ఇక పనికి రాదు. మధ్యాహ్నానికి ఆ కత్తి లెయోన్స్ బొటనవేలికి లొంగింది. మూస్తే టక్కుమంది, పూర్వం మోగినట్టే. ముసలాయన దాన్ని జేబులో వేసుకుని, కళ్ళు తుడుచుకుని, వచ్చిన దోవనే వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఆల్సీద్ పక్క బల్ల మీదకి విసిరిన ప్రతి స్ప్రింగూ ఒడీల్ సాన రాయి మీదుగానే వెళ్ళింది. ఆయన పేకాటకి వెళ్ళినప్పుడు అరగదీసేది, కూర్చేది, మెరుగు పెట్టేది, పెట్టెలో సర్దేది. ఒకసారి విసిరేశాక ఆయన ఆ కత్తిని మళ్ళీ ముట్టుకునేవాడు కాదు కనుక బయటపడే ప్రమాదం లేదు. మేస్త్రీ కత్తులు మళ్ళీ దారికొచ్చాయని ఊళ్ళో గుసగుసలు పోయాయి. ఎలా వచ్చాయని ఎవరూ ఆలోచించలేదు. ఇష్టం లేనిది ఆలోచించకుండా ఉండటంలో మా వాళ్ళు ఆరితేరినవాళ్ళు.

ఒడీల్‌కి కావలసింది రెండే. ఆ కత్తికి చెడ్డ పేరు రాకూడదు. అందులో తన చెయ్యి కూడా ఉందని ఆయన ఒక్కసారి, నలుగురిలో, ఒప్పుకోవాలి. మొదటిది ఆమె చేతుల్లో ఉంది, చేసుకుపోతోంది. రెండోది ఆయన నోట్లో ఉంది. ఆ నోటి సంగతి తెలిసి కూడా ఆమె ఆశ పడటం మానలేదు. ప్రతి కత్తి పెట్టెలో పెట్టేటప్పుడూ, ఈయన ఎప్పుడో ఒకసారి దీన్ని చేతిలోకి తీసుకుని చూస్తాడు, చూసి అడుగుతాడు అనుకునేది. ఆయన తీసుకోలేదు, అడగలేదు.

ఇలా ఉండగా ఒక వసంతంలో మేయరు గిలెం వచ్చాడు. గిలెం అంటే ఎక్కడ ఫొటో తీస్తారంటే అక్కడ ప్రత్యక్షమయ్యే మనిషి. ఆవులు కొండెక్కే పండగ దగ్గర పడుతోందనీ, ఈ ఏడు లెయోన్స్‌ని సత్కరించాలని పంచాయతీ తీర్మానించిందనీ, పత్రికల వాళ్ళు కూడా వస్తారనీ, మేస్త్రీ చేతి కత్తి ఒకటి ఆయనకి బహూకరిస్తే ఊరికే వన్నె అనీ చేతులు నలుపుకుంటూ చెప్పాడు. ఆల్సీద్ వినపడినంత విని, వినపడనిది ఊహించుకుని, సరేనన్నాడు. లెయోన్స్‌కి కత్తి పట్టుకోవడమైనా వచ్చునని, నీలాంటి వాడికైతే చెయ్యననీ కూడా అన్నాడు. గిలెం దాన్ని మెప్పు కిందే పుచ్చుకున్నాడు.

కత్తి మాత్రం చూసి తీరవలసిందిగా చేశాడు ముసలాడు. దాచుకున్న లేత కొమ్ము తీశాడు, పాల మీగడ రంగుది, కొసన పొగ చారలున్నది. పువ్వు రేకులు ఇంతకు ముందెన్నడూ లేనంత పలచగా తీర్చాడు. ముక్కలు బిగించి చెవి దగ్గర మూసి, ఇంకా గట్టిగా వినపడాలని ఇంకో స్ప్రింగు కొట్టాడు, అది ఇంకా మందం. చివరికి తల ఊపి, విప్పి, పక్క బల్ల మీదకి విసిరాడు. అప్పుడు గిలెం అక్కడే ఉన్నాడు, పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి వచ్చి.

ఒడీల్ ఆ స్ప్రింగుని వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది. ఈసారి దొంగతనంగా వద్దనుకుంది. లేచి వెళ్ళి ఆయన ఎదుట నిలబడి, స్ప్రింగు చూపించి, నోరు పెద్దగా చేసుకుని చెప్పింది. లెయోన్స్ బొటనవేలికి ఇది ఎక్కువ, కాస్త పలచన చేస్తానంది. ఆయనకి వినపడింది.

“పలచనా? నా స్ప్రింగునా? నువ్వు తుడిచేదానివి. తుడువు.”

అని, గిలెం వైపు తిరిగి, ఈ తియేర్ వాళ్ళింతే, ఉక్కు కనపడితే చాలు అరగదీయాలని చేతులు దురద పెడతాయి అన్నాడు. గిలెం పగలబడి నవ్వాడు. నవ్వవలసిన అవసరం ఏమీ లేదు, అయినా నవ్వాడు. పెద్దవాళ్ళు విసిరిన ప్రతి ముక్కకీ తోక ఆడించడం ఆయన వృత్తి. ఒడీల్ అన్నేళ్ళలో మొగుడి మాటలు చాలా మింగింది గానీ, ఆ నవ్వు మాత్రం గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది.

సరే, తుడవమన్నాడుగా, తుడిచింది. మైనం రాసి, పొట్టేలు తోలుతో రుద్ది, మెత్తటి గుడ్డతో అద్దంలా తుడిచింది. మేకులు దిగ్గొట్టి తలలు కనపడకుండా చేసింది. సాన రాయి వైపు మాత్రం చూడలేదు. మధ్యలో రెండుసార్లు చెయ్యి ఆగింది. లెయోన్స్ ఏ పాపం ఎరగడు, నలుగురిలో ఆయన వేళ్ళు వణికితే ఆ ఉసురు నాకే కదా అనుకుంది. కానీ అంతకన్నా ఎక్కువగా కోపం వచ్చింది. జీవితంలో మొదటిసారి ఒక కత్తిని ఆల్సీద్ ఎలా చేశాడో అలాగే, వెంట్రుక మందం కూడా తీయకుండా, పెట్టెలో పెట్టింది. ఇది పూర్తిగా నీ కత్తేనయ్యా అనుకుంది.

పండగ నాడు ఎండ బాగా కాసింది. ఆవులు కొమ్ములకి కాగితప్పూలూ మెడలో గంటలూ కట్టించుకుని కొండెక్కాయి. వాటి వెనకాల మనుషులు కూడా దాదాపు అంత అలంకారంతోనూ ఎక్కి దిగి, మధ్యాహ్నానికి పంచాయతీ హాల్లో పొడుగు బల్లల ముందు చేరారు. ఒక మూల పెద్ద రాగి గిన్నెలో అలిగో ఉడుకుతోంది. ఉడికిన బంగాళాదుంపల్లో పచ్చి చీజు వేసి తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి, సాగి తాళ్ళు తాళ్ళుగా లేవాలి. పొయ్యి మీద నుంచి దింపాక ఆగితే గడ్డ కట్టి చెప్పు తోలయిపోతుంది. ఇద్దరు కుర్రాళ్ళు చెమటలు కక్కుతూ తిప్పుతున్నారు. ఆడవాళ్ళు రొట్టెలూ సాసేజీలూ మోస్తున్నారు, ఒడీల్ కూడా. మొగవాళ్ళు కూర్చున్నారు. ఈ ఊళ్ళో పండగ రోజున కూడా అంతే, ఎవరి పండగో ఏమో.

మా వైపు భోజనానికి ఒక పద్ధతుంది. బల్ల దగ్గర అందరికన్నా పెద్దవాడు కత్తి తెరిచి మొదటి రొట్టె కోస్తే గానీ ఎవరూ చెయ్యి పెట్టరు. ఆయన కత్తి టక్కుమని మూశాడంటే భోజనం అయిపోయినట్టు. నోట్లో ముద్ద ఉన్నా సరే, పళ్ళెంలో సగం మిగిలినా సరే, లేచి నిలబడాల్సిందే. చిన్నప్పుడు తాతల బల్ల దగ్గర ఆ చప్పుడు విని విని, అది చెవిన పడితే కాళ్ళు వాటంతటవే లేస్తాయి.

ఆ రోజు పెద్దవాడు లెయోన్స్. ఆయన కుడి పక్కన ఆల్సీద్, ఎడమ పక్కన భుజం మీంచి మేయరు మూడు రంగుల పట్టీతో గిలెం. గిలెం లేచి చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడినంత సేపూ ఆల్సీద్ గొణుగుతాడేమిటి వీడు అంటూనే ఉన్నాడు. చివరికి పెట్టె తెరిచి కత్తి తీసి ముసలాయన చేతిలో పెట్టాడు. అందరూ ఆహా అన్నారు. కెమెరాలు మెరిశాయి. కుర్రాళ్ళు అలిగో గిన్నె దింపి తెచ్చి మధ్యలో పెట్టారు, ఇక రొట్టె కోయడమే తరవాయి.

లెయోన్స్ అలుగు మీది గాడిలో గోరు పెట్టి లాగాడు. రాలేదు. చొక్కాకి వేలు తుడుచుకుని మళ్ళీ లాగాడు. అలుగు వెంట్రుకంత లేచి మళ్ళీ పడిపోయింది. కత్తిని పళ్ళ దాకా తీసుకెళ్ళి, పత్రికల వాళ్ళని చూసి దించేశాడు. ఒక్కసారి తలెత్తి, రొట్టెల బుట్టతో నిలబడ్డ ఒడీల్ వైపు చూశాడు. ఆమె ఆయన కళ్ళలోకి చూడలేక పోయింది.

నేను తెరుస్తానుండండి అని గిలెం లాక్కున్నాడు. టక్కున గోరు విరిగింది, వేలు నోట్లో పెట్టుకున్నాడు. కత్తి చేతులు మారింది. ఒకడి తర్వాత ఒకడు నవ్వుతూ తీసుకోవడం, నవ్వు ఆపేసి పక్కవాడికి ఇవ్వడం. ఒక్కడూ నోరు విప్పి ఇది బిగుసుకుపోయిందని అనడే! గిన్నెలో అలిగో పైన పొర కట్టింది.

ఆల్సీద్ ఇంక ఊరుకోలేకపోయాడు. చెవుడొచ్చాక ఆయన మాట్లాడితే అరిచినట్టే ఉంటుంది. మీ తాతలకి గోళ్ళుండేవి, మీకున్నవి గోళ్ళు కావు, మీగడ పొరలు అని హాలంతా వినేలా అని, కత్తి తెప్పించుకున్నాడు. గాడిలో బొటనవేలు పెట్టాడు. లాగాడు. మొహంలోకి రక్తం ఎక్కింది. ఇంకో వేలితో లాగాడు. కత్తి మూసింది మూసినట్టే ఉంది. తోలు ముక్క లేకుండా దాన్ని తెరవడం ఆయన వల్ల కూడా కావడం లేదు. సాసేజీ జిడ్డంటిన చేతికి కత్తి లొంగదని ఆయన తనలో తాను అనుకున్న మాట కూడా అందరికీ వినపడింది. ఆయన చేతికి జిడ్డు లేదు, ఇంకా ఎవరూ ఏమీ తినలేదు.

ఒడీల్ బుట్ట దించి వచ్చి ఆయన చేతిలోంచి కత్తి తీసుకుంది. ఏప్రాన్ కొస అలుగుకి చుట్టి, రెండు వేళ్ళతో నొక్కి పట్టి తెరిచింది. ఉక్కు పట్టి పట్టి గట్టిపడ్డ వేళ్ళవి. అప్పుడైనా ఆల్సీద్ ఊరుకోవలసింది. ఊరుకుంటే ఆల్సీద్ ఎలా అవుతాడు? చూశార్రా, ఆడది తెరిచింది, తుడుచుకునే ఆడది, మీరు మీసాలెందుకు పెంచుతున్నారో అన్నాడు.

ఒడీల్ తెరిచిన కత్తి అలాగే పట్టుకుని, మొదటిసారి అందరి ముందూ మాట్లాడింది. గొంతు పెంచలేదు, మామూలుగానే అన్నది.

“తప్పు వాళ్ళ గోళ్ళది కాదు ఆల్సీద్. నీకు చెవుడు. చప్పుడు వినపడటం లేదని నువ్వు స్ప్రింగులు మందం చేస్తున్నావు, నీ వెనకాల నేను అరగదీస్తున్నాను. ఈ ఒక్కటీ అరగదీయలేదు.”

హాల్లో ఉన్న ప్రతివాడికీ వినపడింది, ఒక్క ఆల్సీద్‌కి తప్ప. ఆయన పెదవులు చూశాడు గానీ మాటలు పట్టుకోలేకపోయాడు. ఏమంటోంది అని గిలెంని అడిగాడు. గిలెం నీళ్ళు నమిలాడు. ఇటు పక్కవాణ్ణి అడిగాడు, వాడు ఉప్పు డబ్బా వైపు చూశాడు. ఆవు చచ్చినా చెప్పనివాళ్ళు ఇప్పుడు చెబుతారా! ఆల్సీద్ విసుక్కుని ఒడీల్ వైపు తిరిగాడు.

“గొణగకు. మూసి వినిపించు వీళ్ళకి, నా స్ప్రింగు ఎలా మాట్లాడుతుందో.”

అని, చెవి పక్కన చెయ్యి ఆనించుకుని, తల ఆమె వైపు వంచి, కళ్ళు మూసుకున్నాడు. బల్ల దగ్గర వినేటప్పుడు ఎలా వింటాడో అలాగే. ఒడీల్ కత్తిని ఆయన చెవి పక్కనే పెట్టి మూసింది.

అలాంటి చప్పుడు ఆ హాల్లో ఎవరూ ఎన్నడూ విని ఉండరు. తలుపు విసిరి కొట్టినట్టు మోగింది. అది చెవిన పడగానే బెంచీలు కిర్రుమన్నాయి, అలవాటైన కాళ్ళు లేచాయి. ముందు ముసలివాళ్ళు, వాళ్ళని చూసి మిగతావాళ్ళు, మెతుకు ముట్టకుండానే అందరూ లేచి నిలబడ్డారు.

ఆల్సీద్ ఇంకా తల వంచుకునే ఉన్నాడు.

“ఊఁ, మూయి,” అన్నాడు.

కాస్సేపు ఆగి ఆయన కళ్ళు తెరిచాడు. ఎదురుగా హాలంతా నిలబడి ఉంది. ఎందుకు నిలబడ్డారో ఆయనకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. తర్వాత ఒడీల్ చేతిలో మూసి ఉన్న కత్తి చూశాడు. చెవి దగ్గర పెట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు.

లెయోన్స్ అప్పుడు మనిషయ్యాడు. ఎనభై ఏళ్ళు దాటాక, ఇన్నాళ్ళకి. ఆల్సీద్ భుజం పట్టుకుని, నోరు ఆయన చెవిలో పెట్టినంత పని చేసి, గొంతు చించుకుని చెప్పాడు. నా ఎర్రావుని చంపింది నీ కత్తేనన్నాడు. ఆ తర్వాత నీ కొట్టంలోంచి వచ్చిన ప్రతి కత్తీ ఈవిడ అరగదీస్తేనే తెరుచుకుంటోందన్నాడు. నీకు చెవుడని ఊరందరికీ తెలుసునన్నాడు. అందరూ తలలు దించుకున్నారు కనుక అది అబద్ధమని ఆల్సీద్ అనుకోవడానికి వీల్లేకపోయింది.

ఆయన ఒడీల్ చేతులు చూశాడు. గోళ్ళ సందుల్లో మెరుగు పెట్టే నల్ల ముద్ద, బొటనవేలి పక్కన సాన రాయి కొరికిన మచ్చలు. ఒక బల్లకి అటూ ఇటూ జీవితమంతా కూర్చుని కూడా ఆ చేతులు చూడటం అదే మొదలని ఆయన మొహమే చెప్పింది. కొనడానికొచ్చిన ప్రతి వెధవ చేతులూ చూసినవాడు మరి. క్షమాపణ లాంటి మాటలు ఆ నోటికి అలవాటు లేవు, రాలేదు. కుర్చీలోంచి లేచి, దాన్ని వెనక్కి లాగి, ఒడీల్ వైపు చూసి, చేత్తో చూపించాడు. తర్వాత హాలు వైపు తిరిగి ఇలా అన్నాడు.

“కత్తులు ఆవిడవి. ఇన్నాళ్ళుగా నేను వినడం లేదు.”

పండగ రోజుల్లో కూడా ఆడవాళ్ళెవరూ కూర్చోని వరస అది. ఒడీల్ ఏమాత్రం మొహమాట పడకుండా కూర్చుంది. పళ్ళెం తెమ్మంది, ఆ రాగి గిన్నె మళ్ళీ పొయ్యెక్కించమంది. గిలెం పరిగెత్తాడు, ఆయన ఎవరి మాటకైనా పరిగెత్తుతాడు. లెయోన్స్ జేబులోంచి తన పాత కత్తి తీశాడు, వెనక గుమ్మం దగ్గర ఆమె బాగు చేసి ఇచ్చినదే. అది బొటనవేలితోనే తెరుచుకుంది. రొట్టె కోసి మొదటి ముక్క ఆమె పళ్ళెంలో పెట్టాడు. అందరూ మళ్ళీ కూర్చున్నారు. ఆల్సీద్‌కి కుర్చీ లేదు, ఎవరూ ఇవ్వలేదు, ఆయన అడగలేదు. గోడకి ఆనుకుని, తన వాటా రొట్టె చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ఒడీల్ తాపీగా తిన్నది. ఆకలేసినంతా తిన్నది. రెండోసారి వడ్డించమంది. పక్క బల్లల వాళ్ళ పళ్ళేలు ఎప్పుడో ఖాళీ అయ్యాయి, పత్రికల వాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు. ఆమె ఆఖరి రొట్టె ముక్కతో పళ్ళెం తుడుచుకుని తినేదాకా లెయోన్స్ కత్తి మూయలేదు.